మూగబోయిన టింగ్ కథ

ఈ కథలోని టింగ్ శబ్దం నిడివి అర సెకను. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోదానికి 16 బిట్లు, ఒకే చానల్. అంటే ధ్వని వరకు దాని బరువు సరిగ్గా 44,100 బైట్లు. రాయ్‌పూర్‌లో రైల్వే కొలువుకు వచ్చి స్థిరపడిన ఒక తెలుగింట్లో, లినక్స్ నడిచే కంప్యూటర్‌లో దాని కాపురం. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కు 1931లో పూర్తయిన రైలుమార్గమే ఇలాంటి ఎన్నో కుటుంబాలకు రాకపోకల దారి. విజయనగరంలోని అయినవాళ్ల నుంచి కబురు వచ్చిందని చెప్పడం టింగ్ పని.

దాన్ని పలికించేది పిడ్జిన్ అనే చాట్ ప్రోగ్రామ్. 1998లో గెయిమ్ పేరుతో మొదలై 2007లో ఈ పేరు పెట్టుకుంది. ఒకనాడు కబుర్లు వస్తూనే ఉన్నా టింగ్ మోగలేదు. అలాంటప్పుడు ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్లీ వేయడం తొందరపాటు. శబ్దం స్పీకర్ చేరేలోపు చాలా గడపలు దాటాలి, ఏ గడప దగ్గర ఆగిందో ముందు కనుక్కోవాలి.

మొదటి గడప ప్రోగ్రామే. సెట్టింగుల్లోని సౌండ్స్ పేజీలో సందేశం ఎదుట టిక్ ఉండాలి. అందుబాటులో ఉన్నప్పుడే మోగాలన్న ఎంపిక ఉంటే, బయటికెళ్లినట్టు స్థితి పెట్టిన మనిషికి శబ్దం రాదు. కబుర్ల కిటికీ ముందున్నప్పుడు మోగవద్దని పెట్టుకున్నా అంతే. ఒక్క సంభాషణనే మ్యూట్ చేసి మరచిపోవడమూ మామూలే. సొంతంగా ఎంచుకున్న ఫైలును వేరే ఫోల్డర్‌కు జరిపితే ప్రోగ్రామ్‌కు అది దొరకదు. అదే పేజీలోని టెస్ట్ బటన్ నొక్కితే ఇక్కడి సంగతి చాలావరకు తేలుతుంది. శబ్దం పలికించే పద్ధతిగా ఏదైనా కమాండ్ ఇచ్చి ఉంటే, ఆ కమాండ్ కంప్యూటర్‌లో ఉందో లేదో చూడాలి.

అన్నిటికంటే తేటగా తేల్చే పరీక్ష ఇంకొకటి ఉంది. అదే ఫైలును టెర్మినల్‌లో ఏప్లే కమాండ్‌తో నేరుగా పలికించడం. పలికితే లోపం చాలావరకు పిడ్జిన్‌లో, పలకకపోతే బయట. విండోస్‌లోనైతే మీడియా ప్లేయర్‌తో ఈ పరీక్ష చేయవచ్చు. అక్కడ వాల్యూమ్ మిక్సర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కూ ఒక్కో మీట ఉంటుంది, దాన్నీ చూడాలి.

రాయ్‌పూర్ టింగ్ ఏప్లేలోనూ పలకలేదు. వారం కిందట హెచ్‌డీఎంఐ తీగతో కొత్త మానిటర్ తగిలించారు. ధ్వని అటు మళ్లింది. ఆ మానిటర్‌కు స్పీకర్లే లేవు. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను మళ్లీ అనలాగ్‌కు మార్చగానే టింగ్ మోగింది. ఫైలులో ఒక్క బైటు కూడా మార్చాల్సి రాలేదు.