ఇంగ్లీషు తప్పు, తెలుగు ఒప్పు

మన ఊళ్లలో కరెంటు స్తంభానికి రెండు పనులు. కరెంటు మోయడం ఒకటి, అది వచ్చినప్పుడు. స్పోకెన్ ఇంగ్లీషు ప్రకటన మోయడం రెండోది, అది పోయేదే లేదు. ముప్పై రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామని ఒక స్తంభం అంటే, గ్రామర్ జోలికి పోకుండా ఇరవై రోజుల్లోనే అని పక్క స్తంభం పందెం కాస్తుంది. అమీర్‌పేట చేరేసరికి స్తంభాలు కనబడవు, ప్రకటనలే నిలబడి ఉంటాయి. ఫీజు కట్టలేనివాళ్ల కోసం బస్టాండు పుస్తకాల కొట్లో తరచూ చేసే తప్పుల పుస్తకం వేలాడుతూ ఉంటుంది. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు, మధ్యలో ఓ గీత. ఈ జాతి పుస్తకాలకు మూలపురుషులు లేకపోలేదు. సైప్రస్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఫిటికిడీస్ 1936లోనే ఇలా అనకు, ఇలా అను అనే పద్ధతిలో ఒకటి వేశాడు. మన పెద్దవాళ్ల బల్లల మీద రెన్ అండ్ మార్టిన్ ఉండేది; దాన్ని తర్వాతి కాలంలో సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు పేరులోనే తెలుగు వాసన ఉంది. ఇన్నేళ్లుగా ఇంతమంది దిద్దుతున్నా మన తప్పుల జాబితా మాత్రం చెక్కుచెదరలేదు. తాత చేసిన తప్పే మనవడూ చేస్తున్నాడు, కాకపోతే మనవడు డబ్బు కట్టి చేస్తున్నాడు. ఆస్తి పంపకాల్లో కూడా ఇంత నిజాయితీ చూడం.

మూడు తరాలుగా లొంగని తప్పుకి అజ్ఞానం అని పేరు పెట్టి ఊరుకుంటే లాభం వ్యాపారికి, నష్టం మనకి. ఆ జాబితాలో తప్పుల్ని ఒక్కొక్కటిగా తిరగేసి చూడండి. చాలావాటి వెనక ఒక తెలుగు సూత్రం బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అన్న గుమాస్తానే తీసుకోండి. ఇందులో రెండు తప్పులున్నాయని పుస్తకం ఎర్రగీత గీస్తుంది. కానీ "పదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్నది నిఖార్సయిన తెలుగు. మన "నుంచి"కి పని మొదలైన రోజూ, గడిచిన కాలమూ ఒకటే. 2015 నుంచి అంటాం, పదేళ్ల నుంచి అనీ అంటాం. ఇంగ్లీషువాడు మొదలుకి సిన్స్ అనీ, నిడివికి ఫర్ అనీ వాటాలు వేసుకున్నాడు. అలాగే మన "పనిచేస్తున్నాను" ఈ నిమిషం చేస్తున్న పనినీ చెబుతుంది, పదేళ్లుగా సాగుతున్న పనినీ చెబుతుంది. ఇంగ్లీషులో ఆ రెండోదానికి "హ్యావ్ బీన్ వర్కింగ్" అని విడిగా ఏర్పాటు చేసుకోవాలి. అంటే ఈ గుమాస్తా ఇంగ్లీషు వ్యాకరణం తప్పాడు గానీ, తెలుగు వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. కుడి పక్క ఒప్పును వందసార్లు రాయించినా అతని నోట సిన్సే వస్తుంది. అక్కడికి వెళ్లేసరికి "నుంచి" రెండుగా చీలుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు మరి. చెప్పడం ఐదు నిమిషాల పని. ఐదు నిమిషాల పనికి ముప్పై రోజుల ఫీజు ఎలా అడుగుతారు?

"ఓన్లీ" సంగతీ అంతే. "ఐ టోల్డ్ యు యెస్టర్‌డే ఓన్లీ" అన్నవాడు "నిన్ననే చెప్పాను" అన్నాడు. మన భాషలో మాట తోకకి "ఏ" తగిలిస్తే చాలు, బల్ల గుద్ది చెప్పినట్టు. ఇంగ్లీషులో బల్ల గుద్దే పని గొంతు చూసుకుంటుంది: యెస్టర్‌డేని ఒత్తి పలికితే సరిపోతుంది. మనం గొంతు చేయాల్సిన పనికి ఒక మాటను కూలికి పెట్టాం. "కదా" మరీ అమాయకురాలు. ఎవరు వచ్చినా, ఏం జరిగినా తెలుగులో ఒకే కదా. ఇంగ్లీషులో ఆరింట్ యు, డిడింట్ హి, కాంట్ దే అని వాక్యాన్ని బట్టి వేషం మార్చుకోవాలి. మనం ఆ గొడవంతా ఎందుకని "ఈజింట్ ఇట్" ఒక్కదాన్నే అందరికీ సర్దేశాం. ఇక "మా". మా ఇల్లు, మా ఊరు, మా ఆవిడ. ఇక్కడ మా అన్నది కుటుంబాన్ని చెబుతుందే తప్ప వాటాదార్లను చెప్పదు. దాన్ని యథాతథంగా ఓడ దాటించి "అవర్ వైఫ్" అని పరిచయం చేస్తే, ఎదుటి దొర మర్యాదకి నవ్వు ఆపుకుంటాడు, ఆ తర్వాత ఎంతమందని లెక్క వేసుకుంటాడు. అలాగని సిగ్గుపడేది కూడా ఏమీ లేదు. భోజనం అయ్యాక "వి విల్ పే" అని దొర అంటే మేమా, మనమా అన్నది బిల్లు వచ్చేదాకా తేలదు. తెలుగులో ఆ చిక్కు లేదు.

ప్రశ్నల దగ్గరికి వస్తే మన అవస్థ ఇంకా చక్కగా అర్థమవుతుంది. తెలుగులో ప్రశ్న అడిగినా, జవాబు చెప్పినా పదాలు ఉన్నచోటనే ఉంటాయి. "అతను ఊళ్లో ఉన్నాడు", "అతను ఎక్కడ ఉన్నాడు?" అంతే. ఇంగ్లీషులో నేరుగా అడిగితే క్రియ ముందుకు దూకాలి: "వేర్ ఈజ్ హి?" మనవాడు దూకించడు, "వేర్ హి ఈజ్?" అంటాడు. మాస్టారు బెత్తం పట్టుకుని దూకించడం నేర్పిస్తారు. అప్పటినుంచి అతను దూకాల్సిన అవసరం లేనిచోట కూడా దూకుతాడు: "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి." ఎక్కడున్నాడో తెలియదు అనేటప్పుడు మన తెలుగులో చివర "ఓ" చేరుతుంది చూడండి. ఆ "ఓ" వినబడిందంటే ఇంగ్లీషులో క్రియ కదలకూడదని గుర్తు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మొదట బెత్తంతో నేర్పి, తర్వాత బెత్తంతోనే మరిపించే శ్రమ తప్పుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు మింగేవి ఆ బుల్లి మాటలు: ఎ, యాన్, ది. తెలుగులో ఇవి లేవు కాబట్టి మనవాళ్లు రెండు తెగలుగా చీలిపోయారు. అసలు వాడనివాళ్లు, ప్రతి నామవాచకానికీ ది తగిలించేవాళ్లు. మాటలు లేకపోవచ్చు గానీ ఆ తేడా మాత్రం మనకు లేకపోలేదు. "పుస్తకం చదివాను" అంటే ఏదో ఒక పుస్తకం. "పుస్తకాన్ని చదివాను" అంటే ఇదివరకు అనుకున్న ఆ పుస్తకమే. ప్రాణం లేని వస్తువుకి ద్వితీయా విభక్తి కనబడిందంటే చాలాసార్లు అక్కడ ఇంగ్లీషులో "ది" పడుతుంది; వట్టి మాటే ఉండి, అది ఒకటే అయితే "ఎ" పడుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే మంత్రం కాదు. మనుషులకీ జంతువులకీ ఎలాగూ "ని" వస్తుంది కాబట్టి అక్కడ చెల్లదు. నదుల పేర్లకి ది ఉండి ఊళ్ల పేర్లకి ఎందుకు లేదో కూడా ఇది చెప్పదు, అవి బట్టీ పట్టాల్సిందే. అయినా ఊరికే చీకట్లో రాయి వేయడం కన్నా ఎంతో నయం. విచిత్రమేమిటంటే విభక్తులు అనగానే మన పిల్లలు డుమువులు ప్రథమా విభక్తి అని పాడేసి పక్కన పెడతారు. ఆ పాట పరీక్షకి పనికొస్తుందని చెప్పారు గానీ ఇంగ్లీషుకి పనికొస్తుందని వాళ్లకెవరూ చెప్పలేదు.

తప్పులన్నీ తెలుగు నెత్తినే వేస్తున్నానని అనుకోకండి, అసలు తమాషా ఇప్పుడుంది. "హి డిడ్ నాట్ వెంట్" అన్న తప్పుకి తెలుగులో మూలం లేదు. వెళ్లాడు అనేవాడు, వెళ్లలేదు అంటాడు. "వెళ్లాడు లేదు" అని తెలుగువాడెవడూ అనడు. కాలాన్ని ఒకే మాట మోస్తే చాలునని మన భాషకి తెలుసు, ఇంగ్లీషుకీ తెలుసు. రెండు భాషలూ ఒప్పుకున్నచోట మనవాడు తప్పు చేశాడంటే, గో వెంట్ గాన్ అని వల్లె వేయించినప్పుడు వెంట్ అంటే భూతకాలం అని మేకు కొట్టి దించేశారన్నమాట. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" కూడా అంతే. "నా స్నేహితుల్లో ఒకడు" అంటాం గానీ "స్నేహితుడిలో ఒకడు" అనం. ఇక్కడ తెలుగు పట్టుకుని నడిచుంటే ఇంగ్లీషు దానంతటదే సరిగ్గా వచ్చేది. అంటే లెక్క ఇలా తేలింది: కొన్ని తప్పులు తెలుగు మనకి తెలియకుండానే అడ్డొచ్చినందువల్ల, మరికొన్ని తెలుగును అడ్డు పెట్టుకోనందువల్ల. రెంటికీ మందు ఒకటే: మన వాక్యం మనకి ఎలా నడుస్తుందో ముందు చూసుకోవడం.

దీనికి ఇంగ్లీషు మీడియం వారి అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది. పిల్లల్ని ఎల్‌కేజీ నుంచే ఇంగ్లీషులో ముంచేస్తే తెలుగు అడ్డమే రాదు కదా అంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో జీవో 81తో ఈ ముంచుడు కార్యక్రమాన్ని సర్కారు బడులకు తెస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి తన బడుల్లో మొదలుపెట్టింది. కూలివాడి బిడ్డకీ ఇంగ్లీషు కావాలన్న వాదనలో న్యాయం ఉంది, దాన్ని వెక్కిరించడం ఇంగ్లీషు వచ్చినవాళ్లకే చెల్లుతుంది. కానీ ముంచడానికి నీళ్లుండాలి. తరగతిలో పంతులుగారి ఇంగ్లీషు, వరండాలో తెలుగు, ఇంట్లో తెలుగు, టీవీలో తెలుగు అయినప్పుడు ఆ పిల్లవాడు మునిగేది మళ్లీ తెలుగు సూత్రాల్లోనే. పదాలు మాత్రం ఇంగ్లీషువి. కాన్వెంటు పిల్లలు "వై యు ఆర్ నాట్ కమింగ్?" అంటున్నారంటే అది తెలుగు వాక్యమే, యూనిఫాం వేసుకుని వచ్చింది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడివాళ్లు తెలుగు మాట్లాడిన పిల్లల మెడల్లో ఇక తెలుగు మాట్లాడనని పలకలు వేలాడదీశారు. నోటిని ఆపగలిగారు గానీ, ఆ నోట్లో వాక్యాన్ని పేర్చేదాన్ని ఏ పలకతో ఆపుతారు?

ఇంకో అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి వస్తుంది: ఇంగ్లీషువాళ్లు మాత్రం తప్పులు చేయరా అని. చేస్తారు, భేషుగ్గా చేస్తారు. తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో ఇంగ్లీషు వ్యాకరణం రాస్తూ అడుగున షేక్‌స్పియర్, మిల్టన్, స్విఫ్ట్ లాంటి మహామహుల తప్పులన్నీ ఏరి పెట్టాడు. కానీ ఆ వరుసలో మనకి పనికొచ్చేవాడు అంతకు ముందు కాలపు కవి డ్రైడెన్. వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని 1672లో నాటకకర్త బెన్ జాన్సన్‌ను తప్పుపట్టాడు, ఆ తర్వాత తన పాత వ్యాసాన్నీ ఆ లెక్కనే దిద్దుకున్నాడు. లాటిన్‌లో అలా కుదరదు మరి. తన ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో లాటిన్‌లోకి మార్చి చూసుకునేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు. పరాయి భాష సూత్రాన్ని ఇంగ్లీషు మీద రుద్దిన డ్రైడెన్‌ది నియమమైంది, రెండున్నర శతాబ్దాలు పిల్లల వీపులు వాచాయి. అదే పని చేసిన మన గుమాస్తాది తప్పయింది. అందుకని కోచింగు సెంటర్లో ప్రిపోజిషన్‌తో ముగించకు, "టు"కీ క్రియకీ మధ్య మాట పెట్టకు అని నేర్పే రోజున సెలవు పెట్టినా ఫరవాలేదు. అవి వ్యాకరణం కావు, మర్యాదలు. ఇంగ్లీషు వాడుకకి నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే వాటిని ఆట పట్టించాడు. "సిన్స్ టెన్ ఇయర్స్" అలాంటిది కాదు. లండన్‌లో పుట్టిన నాలుగేళ్ల పిల్ల కూడా ఆ మాట అనదు. ఏ తప్పు పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు చేయరో అది అసలు తప్పు, ఏది రోజూ చేస్తారో అది పుస్తకాల వ్యాపారం. "లవ్"కి ఐఎన్‌జీ పెట్టకూడదని మన పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి, మెక్‌డొనాల్డ్స్ 2003 నుంచి "ఐయామ్ లవిన్ ఇట్" అని లోకమంతా అమ్ముకుంటూనే ఉంది. బర్గరుతో పాటు వస్తే అది శైలి, దరఖాస్తులో వస్తే తిరస్కారం.

మనది భారతీయ ఇంగ్లీషు, దానికి దాని లెక్కే వేరు అనేవాళ్లు మూడో రకం. "ప్రిపోన్"ను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చేర్చుకోలేదా అంటారు. చేర్చుకుంది, పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రిపోన్ ఉండకపోవడమే ఇంగ్లీషు లోపం. రేపు "యెస్టర్‌డే ఓన్లీ" కూడా అలా గద్దె ఎక్కవచ్చు. కానీ ఐఈఎల్‌టీఎస్ పరీక్షకుడి ముందు కూర్చున్న కుర్రాడు ఆ పట్టాభిషేకం దాకా ఆగలేడు. స్నేహితుల దగ్గర ఓన్లీ అని, పరీక్షలో మానేయగలిగినవాడిది భారతీయ ఇంగ్లీషు. ఎక్కడైనా అదొక్కటే వచ్చినవాడిది నిస్సహాయత. ఆ రెండోవాడికి గౌరవమైన పేరు పెట్టడం వల్ల వాడికి వీసా రాదు.

సొంత భాష నడక చూసుకుంటే పరాయి భాష పట్టుబడుతుందన్న రహస్యం దొరలు మనకన్నా ముందే కనిపెట్టారు. పాలించడానికి వచ్చిన కుర్ర అధికార్లకు మన భాషలు నేర్పడానికి మద్రాసులో 1812లో సెంట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. వాళ్ల కోసం క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు, 1840లో బ్రౌన్ తనది వేశాడు. తెలుగు ఎక్కడ తమ భాషలా నడుస్తుంది, ఎక్కడ నడవదు అన్నది చూసుకుంటూ నేర్చుకున్నారు. ముప్పై రోజుల్లో అని వాళ్లకెవరూ మాటివ్వలేదు. మనం ఆ పనిని తిరగేసి చేసుకోవాలంటే ముందు ఇవాళ్టి తెలుగుకి ఒక వ్యాకరణం చేతిలో ఉండాలి. ఉంది కూడా. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. రాసింది ఇంగ్లీషులో, అచ్చు వేసింది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్. కాబట్టి ఇంగ్లీషు తప్పులు పోవాలంటే తెలుగు వ్యాకరణం చదవాలి, ఆ తెలుగు వ్యాకరణం చదవాలంటే ఇంగ్లీషు రావాలి. ఈ ముడి విప్పడం అమీర్‌పేట వల్లనే అవుతుంది. రోజూ ఒక గంట తెలుగు వాక్యం విప్పి చూపించే క్లాసు పెట్టమనండి. దానికి తెలుగు అని మాత్రం పేరు పెట్టొద్దు, ఫ్లెక్సీ చినిగిపోయేదాకా ఒక్కరూ రారు. "అడ్వాన్స్‌డ్ మదర్ టంగ్ మాడ్యూల్" అని రాయించి, పక్కన టై కట్టుకున్న కుర్రాడి ఫొటో వేయించి, ఫీజు విడిగా వసూలు చేయాలి.