గోత్రం అడిగే ఇంజనీరు

ఇంజనీరింగ్ పాసై, బెంగుళూరు బస్సెక్కకుండా ఇంట్లోనే కూర్చుని ‘గేమ్ చేస్తా ఉండా’ అనే పిల్లోళ్ళు తిరుపతిలో వీధికొకడు తేలతాడు. వాళ్ళలో ఒక రకానికి మేం పెట్టుకున్న పేరు ఇంజిన్ సామి.

సామి చేసే ఆట పులిజూదం. 3 పులులు, 15 మేకలు, 23 చుక్కలు. మన అవ్వలు తిన్నె మీద సుద్దతో గీసి చింతగింజలతో ఆడేసినారు. ఈయన మాత్రం ముందు వెబ్‌పేజీని తెర మీద గీసే బ్రౌజర్ ఇంజిన్ దొరకాలంటాడు. తెర మీద మూడు బటన్లు చూపించాలంట: ‘ఆడు’, ‘ఆపు’, ‘పో’.

“బొమ్మలు గీసి అతికించేస్తే పోదా సామీ?”

“అట్లగాదన్నా. హెచ్‌టీఎంఎల్‌లో రాసుకుంటే రేపు రంగు మార్చినా ఆటంతా మళ్ళీ కంపైల్ చేసే పన్లేదు.”

మాట నిజమే. ఆటలమ్మే స్టీమ్ కూడా ఆ దారే పట్టింది.

అర్చన దగ్గర అయ్యవారు అడిగినట్టు ప్రతి ఇంజిన్‌నూ గోత్రం అడుగుతాడు సామి. కేడీఈ వాళ్ళ కేహెచ్‌టీఎంఎల్ ఇంజిన్‌ను 2001లో ఆపిల్ తీసుకుపోయి వెబ్‌కిట్ చేసింది. 2013లో గూగుల్ అందులోంచి వేరుపడి బ్లింక్ పెట్టుకుంది. బ్లింక్‌ను ఆటల్లోకి తెచ్చే సీఈఎఫ్ ఫైలు తూకమేస్తే వంద ఎంబీ దాటింది. “15 మేకలకు ఇంత మేతా?” అని వదిలేశాడు. వెబ్‌కిట్ వంశపు అల్ట్రాలైట్ తేలికే గానీ, దాని లైసెన్సు కాగితాలు చదివేసరికి మామిడికాయల సీజన్ అయిపోయింది. గేమ్‌ఫేస్ బల్గేరియా వాళ్ళది. రేటడిగే ధైర్యం చాల్లేదు. చివరికి సర్వో మీద మనసు పడ్డాడు. 2020లో మొజిల్లా దాన్ని చేసే బృందాన్ని ఇంటికి పంపిందని చదివి ఆ పూట సంగటి ముట్టలేదు.

ఊరికే నవ్వేద్దామంటే ఒక్కచోట మాత్రం సామి గట్టిగా నిలబడతాడు. బటన్లు గీసే డియర్ ఇమ్‌గుయ్ లాంటి చిన్న లైబ్రరీలు అక్షరం పక్కన అక్షరం పేర్చి ఊరుకుంటాయి. తెలుగు ఒత్తులు వాటికి ఎక్కవు. బ్లింక్ ఉండే క్రోమియంలో అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి ఒత్తు కింద ఒత్తు సరిగ్గా కూర్చుంటుంది. పెద్ద ఇంజిన్ కావాలనడానికి ఇంతకన్నా మంచి కారణం నాకూ తోచలేదు.

“అయితే నీ బటన్లలో ఒక్క ఒత్తూ లేదే?” అన్నాను.

మర్నాటికి ‘ఆడు’ పోయి ‘ప్రారంభించు’ వచ్చింది. ‘పో’ కాస్తా ‘నిష్క్రమించు’ అయింది. పులి మాత్రం ఇంకా పుట్టలేదు.

కపిలతీర్థం రోడ్డులో ఈయన ఎదురైతే ఆట ఎప్పుడొస్తుందని అడక్కండి. సర్వో సంగతేందని అడగండి, కాఫీ డబ్బులు ఆయనే ఇస్తాడు.