బ్లాస్టు బాబు

భోగి నాడు తెల్లవారుజామున రామచంద్రపురంలో వీధంతా మంట చుట్టూ చేరి చేతులు కాచుకుంటుంటే, ఒకడు మాత్రం దూరంగా నిలబడి సెల్‌ఫోన్‌లో స్లోమోషన్ తీస్తుంటాడు. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ కంపెనీలో చేస్తూ పండక్కి దిగిన కుర్రాడు. పిడకల దండ వేయమని వాళ్లమ్మ కేకేస్తే, “ఆగమ్మా, పొగ మెలిక తిరుగుతోంది” అంటాడు. ఇంతలో ఎవడో పాత టైరు పడేస్తాడు. పిల్లలు ముక్కు మూసుకుంటారు. వీడు మురిసిపోయి, ఆ నల్లపొగలో ఎరుపు ఎక్కడ ఆగిపోతోందో వంగి మరీ చూస్తాడు.

ఊళ్లో వీణ్ని “కంప్యూటర్లో బాంబులు పేలుస్తాడండి” అని పరిచయం చేస్తారు. పెళ్లిసంబంధాల దగ్గర ఆ మాట చెల్లదు గనక, వాళ్ల నాన్న “సాఫ్ట్‌వేరేనండి” అని సరిపెట్టేస్తాడు.

నిజానికి వీడి పని లెక్కలే. హౌడినీ అనే సాఫ్ట్‌వేర్‌లో గాలిని చిన్నచిన్న ఘనాలుగా, అంటే వాక్సెల్స్‌గా కోస్తాడు. ఒక్కో గడిలో పొగ ఎంత, వేడి ఎంత, ఇంధనం ఎంత మిగిలింది, గాలి ఎటు తోస్తోంది అన్నది కంప్యూటర్ ఫ్రేము ఫ్రేముకీ లెక్కగడుతుంది. కాలంలో పెద్ద అంగలు వేసినా ఈ లెక్క తలకిందులు కాకుండా నిలబెట్టే పద్ధతిని 1999లో జాస్ స్టామ్ చూపించాడు. వీడి దృష్టిలో ఆయన దేవుడితో సమానం. అయితే దేవుడు కూడా తగ్గించలేని బరువొకటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు వెయ్యేసి గడులు పెడితే 100 కోట్ల గడులు. ఒక్క పొగ లెక్కకే ఫ్రేముకి 4 జీబీ. సెకనుకి 24 ఫ్రేములు. ఇంకాస్త నునుపు కావాలని గడి కొలత సగం చేస్తే బరువు ఎనిమిదింతలు. రాత్రి సిమ్యులేషన్ పెట్టి పడుకుని, పొద్దున్నే వచ్చి చూస్తే తెరమీద కాలీఫ్లవర్ పూసి ఉంటుంది.

సినిమాహాల్లో వీడి పక్కన కూర్చోవడం శిక్ష. “కిలోమీటరు అవతల పేలితే చప్పుడు మూడు సెకన్లు ఆగి రావాలండీ, ఇదేంటి వెంటనే వచ్చేసింది?” అంటాడు. హీరో వెనక మంట చూసి, అది కొనుక్కొచ్చిన క్లిప్పని, ఇంకో రెండు సినిమాల్లో ఇదే మంటని నిట్టూరుస్తాడు. ‘ఆది’లో (2002) సుమోలు లేచినప్పుడు మాత్రం లేచి నిలబడినంత పని చేస్తాడు. ‘బాహుబలి’ మొదటి భాగంలో (2015) కాలకేయుల మీద పడ్డ గుడ్డ అంటుకునే ఘట్టం టీవీలో వస్తే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఆ సినిమా గ్రాఫిక్స్‌కి శ్రీనివాస్ మోహన్‌కి జాతీయ అవార్డొచ్చిందన్న సంగతి సొంత పెదనాన్న కొడుక్కి వచ్చినట్టే చెబుతాడు.

ఇంత పరిజ్ఞానాన్నీ వాళ్ల మావయ్య ఒక్క ఊరి పేరుతో కొట్టిపారేస్తాడు.

“పాశర్లపూడి చూశావా నువ్వు?”

1995 జనవరి 8న గౌతమి గోదావరి అవతల ఆ ఊళ్లో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది. అరవై రోజులు దాటినా మంట ఆరలేదు. మార్చి నెల సగానికి గానీ అదుపులోకి రాలేదు. మావయ్య మోపెడ్ మీద వెళ్లి చూసొచ్చాడు. “ఆ హోరుకి పక్కవాడి మాట వినపడేది కాదు. మీ కంప్యూటర్లో ఆ హోరుందా?” అంటాడు. మేనల్లుడు అప్పటికింకా పుట్టనే లేదు. అయినా ఊరుకోడు. “అది పేలుడు కాదు మావయ్యా, లోపలి ఒత్తిడికి ఎగదన్నిన గ్యాసు. దానికి సెట్టింగే వేరు.” మావయ్య వీడి కేసి జాలిగా చూస్తాడు.

వీడి అసలు బాధ వేరే ఉంది. నిజం బాంబు పేలితే రెప్పపాటు మెరుపు, ఆ వెనకే దుమ్ము, అంతే. నారింజరంగు మంటల బంతి సినిమావాళ్లు పెట్రోలు పోసి పెంచిన అలవాటు. వీడొకసారి శాస్త్రం ప్రకారం చేసి చూపిస్తే, “బాంబు పేలిందా, సిమెంటు బస్తా దులిపారా?” అన్నాడట దర్శకుడు. మర్నాడు పెట్రోలు రంగు పడింది. ఆ మర్నాడు ఇంకాస్త ఎరుపు, ఇంకాస్త పెద్దది. ఫైలు పేరు ఫైనల్, ఫైనల్ టూ, రియల్ ఫైనల్ అంటూ పాకింది.

చివరికి ఆ షాటు తెరమీద రెండు సెకన్లుంటే గొప్ప, అందులో సగం హీరో భుజం. కుటుంబమంతా టికెట్లు కొనుక్కుని వెళుతుంది. పేర్లు పడేసరికి లైట్లు వేసి, చీపుళ్లు దించేస్తారు. వీళ్లు ఏడుగురూ కాళ్లు పైకెత్తుకుని కూర్చుంటారు.

“అయితే ఆ మంట నువ్వు చేసిందేనన్నమాట,” అంటాడు మావయ్య, తొలిసారి కాస్త మెత్తబడి.

“మంట పక్క సీటు అతనిది మావయ్యా. నాది పొగ.”