ఒక వైపు గిలక, ఒక వైపు నత్త

నేను బొందు సంచిని. మంగళగిరి నేతచీర కొంగులోంచి పుట్టాను. అంతకు ముందు చాలా ఏళ్లు చీరగా బతికాను గానీ, ఆ పెళ్లిళ్లూ పేరంటాల ముచ్చట్లు ఇక్కడ వద్దు. సంచిగా నా బతుకంతా బుడాపెస్ట్‌లోనే. డాన్యూబ్ నదికి బుద వైపున్న ఊయ్‌బుదలో, ఒక ఒవి వరండాలో, చిలక్కొయ్యకి వేలాడుతూ గడిచింది.

ఒవి అంటే ఓవొదకి ముద్దుపేరు. మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా పిల్లలుండే చోటు. బడి అందామంటే అక్కడ పలకా లేదు, బలపమూ లేదు. పాట, బురద, మధ్యాహ్నం నిద్ర. హంగేరీలో 2015 సెప్టెంబరు నుంచి మూడేళ్లు నిండిన పిల్లలు ఒవికి వెళ్లడం తప్పనిసరి. మా బుజ్జిగాడికి ఆ మూడూ నిండేసరికి వాడూ అమ్మానాన్నలూ బుడాపెస్ట్ నుంచి సెలవులకి గుంటూరు వచ్చి ఉన్నారు. అప్పుడే ఫోన్లోకి ఒక జాబితా దిగింది.

అమ్మ ఆ హంగేరియన్ జాబితాని ఫోన్ చేత తెలుగు చేయించి గట్టిగా చదువుతోంది. లోపల వేసుకునే చెప్పులు, రాత్రి బట్టలు, మార్చుకోవడానికి ఇంకో జత, కాగితపు రుమాళ్లు, టాయిలెట్ పేపరు చుట్టలు.

"అవి కూడా మనమే పంపాలిటే?" అంది అమ్మమ్మ.

"అవునమ్మా. అన్నీ వేయడానికి ఒక బొందు సంచి కూడా. దాని మీద వీడి గుర్తు కుట్టాలి."

ఈ గుర్తు సంగతి చెప్పాలి. ఒవి పిల్లలకి చదవడం రాదు కదా, అందుకని ఒక్కొక్కరికీ ఒక బొమ్మ ఇస్తారు. దాన్ని 'యెల్' అంటారు. ఒకడికి బంతి, ఒకత్తెకి చెర్రీ, ఇంకొకడికి పుట్టగొడుగు. చిలక్కొయ్య మీదా, తువాలు దగ్గరా, మంచం దుప్పటి మీదా అదే బొమ్మ. మావాడి వరసలో 'చిగ' అని ఒక్క మాట రాసి ఉంది. ఫోన్ దాన్ని 'కప్పీ' అని తేల్చింది.

"కప్పీ అంటే బావి గిలకేగా," అంది అమ్మమ్మ.

పసిపిల్లాడికి గిలక గుర్తేమిటని అల్లుడుగారు నసిగారు. "వాళ్ల దేశపు పద్ధతులు మనకేం తెలుసు బాబూ," అని అమ్మమ్మ ఆ అనుమానాన్ని అక్కడికక్కడే మడిచి పెట్టేసింది. పాత చీర తీసి కొంగు కత్తిరించి, కాలిమిషను మీద నన్ను కుట్టింది. ఎర్ర దారంతో గొలుసు కుట్టు వేసి గిలక, దాని మీద తాడు, తాడు చివర ఒక బుల్లి చేద కూడా దింపింది. నా ఒంటి మీద అంత నికార్సయిన పని మళ్లీ ఎవరూ చేయలేదు.

సెప్టెంబరు మొదటి వారం. చిలక్కొయ్య పైన అంటించిన బొమ్మ చూడగానే నాకే గుండె జారింది. నత్త! ఓవో నేని (ఒవిలో పంతులమ్మని అలాగే పిలుస్తారు) నత్త బొమ్మని చూసింది, నన్ను చూసింది, మా అమ్మ మొహం చూసింది. ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి పనిచేసే ఆయమ్మ కూడా పరుగున వచ్చింది. తర్వాత చేతులు తిప్పి, కాగితం మీద బొమ్మలు వేసి చెప్పింది: హంగేరియన్‌లో నత్తా చిగే, బావి మీద గిలకా చిగే. చుట్టలు చుట్టి కాల్చే కోకో రొట్టె కూడా చిగే. ఫోన్ అబద్ధం చెప్పలేదు, మూడింట్లో ఒకటి ఏరుకుంది, అంతే.

విప్పేయొద్దంది ఓవో నేని. ఆ రాత్రి అమ్మ నా రెండో వైపు పచ్చదారంతో నత్తని కుట్టింది. అమ్మకి అమ్మమ్మ చెయ్యి రాలేదు. ఆ నత్త కాస్త ఇడ్లీలా ఉంటుంది.

అక్కడ పిల్లల్ని ఒకేసారి వదిలేసి వెళ్లనివ్వరు. అలవాటు చేయడానికి ఒక పద్ధతి ఉంది, 'బెసొక్తతాష్' అంటారు. మొదటి రోజు అమ్మ లోపలే కూర్చుంటుంది. మర్నాడు అరగంట వరండాలోకి వస్తుంది. ఆ పైన ఒక గంట, ఆ పైన భోజనాల దాకా. ఆ రోజుల్లో నా కింద బెంచీ మీద కూర్చుని అమ్మ ఏడ్చింది. బుజ్జిగాడు ఏడవలేదు. వాడు మాట్లాడ్డమే మానేశాడు.

మధ్యాహ్నం నిద్రకి మిగతా పిల్లలు కుందేళ్లు, ఎలుగుబంట్లు ఎత్తుకుని వెళ్తారు. మావాడు వరండాలోకి వచ్చి, మునివేళ్ల మీద నిలబడి నన్ను దింపుకుపోయాడు. నాలోని బట్టలన్నీ అక్కడే కుమ్మరించి, నన్ను చెంప కింద పెట్టుకుని పడుకున్నాడు. నాలో అప్పటికింకా అమ్మమ్మ బీరువాలోని కర్పూరం వాసన ఉంది. ఆయమ్మ ఆ బట్టలన్నీ మడతపెట్టి బెంచీ మీద సర్దింది. మర్నాటి నుంచి ఆవిడే నన్ను ఖాళీ చేసి వాడి మంచం మీద ఉంచేది. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

నవంబరు దాకా వాడు నోరు విప్పలేదు. ఆ నెలలో ఒక పొద్దున పుట్టగొడుగు గుర్తు కుర్రాడు నన్ను లాగి చేద బొమ్మని వేలితో గోకుతున్నాడు. "ఎన్యేమ్!" అని ఒక్క కేక వినిపించింది. నాది అని. వాడి మొదటి హంగేరియన్ మాట నా గురించి! పొగరనుకున్నా సరే, ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

ఆ తర్వాత మాటలు వరద కట్టాయి. శుక్రవారం ఉతుకుడికి ఇంటికి వెళ్తాను కాబట్టి శనాదివారాల ముచ్చట్లు నాకూ తెలుసు. నాన్న ఆఫీసు అంతా ఇంగ్లీషు. ఆయన వారానికి రెండు సాయంత్రాలు హంగేరియన్ తరగతికి వెళ్లి, పుస్తకం తెచ్చి, కొడుకు దగ్గర అప్పజెబుతాడు. 'తోటలో' అనడానికి కెర్త్‌బెన్, 'ఒవిలో' అనడానికి ఓవొదాబన్. మన 'లో' లాగే చివర తగిలిస్తారు. ముందున్న అచ్చుని బట్టి అది బన్నో బెన్నో అవుతుంది. "అన్నకు అంటాం, తమ్ముడికి అంటాం, అలాంటిదేనండీ" అని అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ తేల్చేసింది. నాన్న పుస్తకం మూసేశాడు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయడం కూడా మన వరసే. యూరప్‌లో మిగిలిన చోట్ల తిరగరాసుకున్న ఆ కుటుంబానికి అక్కడ మాత్రం ఆ బాధ తప్పింది.

వీడియో కాల్‌లో అమ్మమ్మకి వేరే అనుమానాలు. పిల్లాడు తెరమీదకి రాగానే "సియ" అంటాడు, పెట్టేసేటప్పుడు "హలో" అంటాడు. హంగేరీ వాళ్లు వెళ్లేటప్పుడు కూడా హలో అంటారని ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. "మళ్లీ మొదటికొచ్చాడేమిటే?" అని ఫోన్ పట్టుకుని కూర్చునేది. 'నేని' మాట ఇంకా తమాషా. పెద్దవాళ్లయిన ఆడవాళ్లందర్నీ పిల్లలు నేని అనే పిలుస్తారు, మన అత్తా పిన్నీ లాగ.

"ఓవోనేని వారా? మన వైపు వాళ్లేనా? అక్కినేని, కామినేని విన్నాను గానీ..."

అమ్మ నవ్వలేక నన్ను మొహానికి అడ్డం పెట్టుకుంది.

చలికాలం నాకు కష్టకాలం. బయటికి వెళ్లాలంటే ఒక్కొక్కడికీ ఇరవై నిమిషాల ముస్తాబు. మగపిల్లలకి కూడా పాంటు లోపల ఆడవాళ్ల మేజోళ్లలాంటి బిగుతు లాగులు వేస్తారు. మొదటిసారి వాటిని నాలో చూసి నాన్న, "ఎవరివో మనకొచ్చాయి" అని తిరిగి ఇచ్చేయబోయాడు. జనవరికి ఆయనే తనకీ ఒకటి కొనుక్కున్నాడు. మంచు పడ్డా, తుంపర పడ్డా పిల్లల్ని తోటలోకి తోలతారు. తిరిగొచ్చిన బురద లాగులు నాలో కుక్కుతారు. ఆ తడి శుక్రవారం దాకా నాతోనే.

తిండి మరకలు కూడా నా మీద చదువుకోవచ్చు. గోధుమరంగువి తేయ్‌బెగ్రీజ్‌వి. పాలల్లో ఉడికించిన రవ్వ, పైన కోకో పొడి. అది మన రవ్వ పాయసానికి చుట్టమే కనక బుజ్జిగాడు గిన్నె నాకేవాడు. నల్లగా చుక్కలు పడ్డవి గసగసాలు. మనకి తెల్లవి, కూరలోకి నూరుకుంటాం. అక్కడివి నీలి నలుపు. సేమ్యాకి అన్నయ్యల్లాంటి పిండితీగల మీద పంచదారతో కలిపి చల్లుతారు. అమ్మ ఆ సంగతి విని రెండు రోజులు తేరుకోలేదు. ఇప్పుడు ఇంట్లోనే చేస్తోంది.

పండగలకైతే లెక్క లేదు. డిసెంబరు 6 పొద్దున కిటికీలో పెట్టిన బూట్లలో మికులాష్ తాత మిఠాయి వేసిపోతాడు. 24 సాయంత్రం చెట్టునీ కానుకల్నీ బాలయేసు తెస్తాడట, అందుకని అంతదాకా పిల్లలకి చెట్టు చూపించకూడదు. నాకు బాగా గుర్తున్నది మాత్రం నవంబరు 11, సెయింట్ మార్టిన్ రోజు. చీకటి పడ్డాక పిల్లలు చేతి లాంతర్లు పట్టుకుని వీధిలో వరసగా నడుస్తారు. ఆ ఏడు దీపావళి అయిపోయిన కొద్ది రోజులకే అది వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో టపాకాయలు కాల్చనివ్వలేదని అలిగి ఉన్నవాడు, జాం సీసాలో దీపం పట్టుకుని నడిచొచ్చి, "మళ్లీ దీపావళి పెట్టారు" అని అమ్మతో చెప్పాడు. అమ్మ కాదనలేదు.

ఏప్రిల్‌లో అమ్మమ్మ వచ్చింది. ఒక శుక్రవారం బుజ్జిగాణ్ణి తీసుకురావడానికి అమ్మతో పాటు ఒవికి కూడా వచ్చింది. చిలక్కొయ్య మీద నత్త బొమ్మ, కింద నేను, గిలక వైపు ఇటు తిరిగి. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని ఆవిడ చాలాసేపు చూసింది. ఓవో నేని వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఏదో చాలా చెప్పింది. మనవడు తెలుగు చేశాడు: "నీ చేద బాగుందంట."

దారిలో ఆ కోకో రొట్టె కొన్నారు. 'అడుగులేని చెరువు' అని పేరున్న ఒక కొలను ఉంది అక్కడ, దాని ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. బుజ్జిగాడు చుట్టని పై కొసనుంచి విప్పుకుంటూ తింటున్నాడు. "గిలక తాడు లాగినట్టే లాగుతున్నాడే," అంది అమ్మమ్మ. కొలను మీంచి గాలి కొడుతోంది. పొద్దుట్నుంచీ ఆవిడ పిల్లాడికి టోపీ పెట్టమని పోరుతూనే ఉంది.

"18 డిగ్రీలమ్మా! ఇక్కడ ఇదే ఎండాకాలం."

"మా గుంటూర్లో ఇది సంక్రాంతి చలి."

అంతలో చేతికర్ర పట్టుకుని పోతున్న ఒక ముసలావిడ ఆగింది. ముక్కూమొహం ఎరగని మనిషి. పిల్లాడి తలవైపు వేలు చూపించి, "షప్క! షప్క!" అని మా అమ్మని గదమాయించింది.

"ఏమంటోందిరా?" అంది అమ్మమ్మ.

"టోపీ ఏదీ అంటోంది," అన్నాడు బుజ్జిగాడు, నోటినిండా రొట్టెతో.

అమ్మమ్మ లేచి ఆ ముసలావిడకి రెండు చేతులూ జోడించింది. కూతురి వంక ఒక చూపు చూసి, నన్ను ఒళ్లోకి లాక్కుని బొందు విప్పింది.