పేరుకున్న తేనె

ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మొన్న చలికి ఛత్రినాకలో మా వంటింటి గూట్లో తేనె సీసా పేరుకుని కనిపించేసరికి ఇక దాచుకోలేకపోయాను.

ఒకప్పుడు నాకు నల్లమల పిచ్చి. అమ్రాబాద్ అడవిలో ప్రతాపరుద్రుడి కోట, శ్రీశైలం ప్రాకారం మీది శిల్పాలు, నూరు కోట్ల ఏళ్ళు దాటిన కొండరాళ్ళు... గౌలిపుర నుంచి లాల్‌దర్వాజ దాకా కనపడ్డవాళ్ళకల్లా చెప్పేవాణ్ణి. చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చువేసిన పుస్తకమూ తిరగేశాను. తమ పిల్లను చేసుకున్న శ్రీశైలం మల్లన్నను వాళ్ళు అల్లుడంటారని తెలుసు. చరియకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిదేనని తెలుసు. అక్క పసుపుకుంకుమలు ఆ తాడుకే కట్టి ఉంటాయి, వాడు వదలడు. పట్టంతా కొయ్యరు, ఈగలకు కొంత ఉంచుతారు. అదీ తెలుసు.

అంత తెలిసీ, వటవర్లపల్లి దగ్గర రోడ్డు పక్కన ఒక చెంచు పెద్దాయన దగ్గర కొన్న తేనె పుష్యమాసంలో గింజకట్టగానే చక్కెరపాకం అనుకున్నాను. సీసాడు తేనె మోరీలో ఒంపేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. శివరాత్రికి శ్రీశైలం పోతూ కారు ఆపి, పదిమందిలో ఆయన్ను నిలదీశాను. "ఏయ్" అన్నాను. మా నాన్న వయసుంటుంది ఆయనకు.

"సలికి పేరుకుంటది బిడ్డా. ఎండల వెడితే కరుగుతది."

వినలేదు. గొంతు పెంచాను. ఆయన పంచె మడతలోంచి నోట్లు తీసి, ఒక్కొక్కటే లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. ఇది రాస్తుంటే కూడా ఆ చెయ్యి నాది కాకపోతే బాగుండుననిపిస్తోంది.

గ్లూకోజు ఎక్కువున్న తేనె చల్లదనానికి గింజకడుతుందని, వెచ్చబడితే మళ్ళీ కరుగుతుందని రెండేళ్ళ తర్వాత చదివాను. చదివితే తప్ప నమ్మలేదన్నమాట.

అప్పటినుంచి మన్ననూరు చెక్‌పోస్టు దాటిన ప్రతిసారీ రోడ్డు వారగా చూస్తూ మెల్లగా పోతాను. ఒకసారి వటవర్లపల్లిలో దిగి అడిగాను. "పేరేంది సారూ?" అన్నారు. రెండుసార్లు ఎదురుగా నిలబడీ నేను ఆయన పేరడగలేదు.

మొన్నటి సీసాను డాబా మీద ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి కరిగింది.