ప్యాకప్ చెప్పకుండా బతికే చిట్కాలు

తమ్ముడూ, సినిమా పని మీద ఊరు వదిలొచ్చి బోరబండలో గది వెతుక్కుంటున్నావని తెలిసింది. మంచి చోటే పట్టావు. జూబ్లీహిల్స్‌లో అద్దె ఎప్పుడూ కట్టలేం, కృష్ణానగర్‌లో ఇప్పుడు కట్టలేం. కొండ మీద పనిచేసి కొండ కింద పడుకునేవాళ్లం ఒక్కొక్కరం ఇటే జారాం. నేను ఇరవై రెండేళ్ల కిందట అసిస్టెంట్ డైరెక్టర్‌గా మొదలై కో-డైరెక్టర్ దగ్గర ఆగిపోయినవాణ్ణి. ‘అన్నా, పనీ బతుకూ రెండూ ఎలా చూసుకోవాలి?’ అని అడిగావు. పిచ్చి ప్రశ్న. రెండోది తీసేస్తే చూసుకోవాల్సింది ఒక్కటే కదా! ఎలా తీసెయ్యాలో చెబుతాను, రాసుకో.

1. గది మీద ఇష్టం పెంచుకోకు

గదికి కిటికీ ఉంటే తెల్లారిందని తెలుస్తుంది. తెల్లారిందని తెలిస్తే రాత్రి పడుకోలేదని గుర్తొస్తుంది. అందుకని కిటికీ లేని గది చూసుకో. చాప, బకెట్, ఫోన్ చార్జర్ చాలు. పొయ్యి మాత్రం కొనకు. కొంటే పప్పు వండుకోవాలనిపిస్తుంది, వండితే వేడివేడిగా కూర్చుని తినాలనిపిస్తుంది. మనిషి చెడిపోయేది అక్కడే.

2. గంటలు లెక్కపెట్టకు

సెట్‌లో లైట్‌మన్‌కి, కాస్ట్యూమర్‌కి కాల్షీట్ ఉంటుంది. టైం దాటితే యూనియన్ లెక్క అడుగుతుంది. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచమని సినీ కార్మికుల ఫెడరేషన్ వాళ్లు 18 రోజులు సమ్మె చేస్తే ఏమైంది? షూటింగులు ఆగాయి, సంగతి ముఖ్యమంత్రి దాకా వెళ్లింది, చివరికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి ఒప్పుకున్నారు. లెక్కలు అడిగితే వచ్చే తలనొప్పి చూశావా? డబ్బులు పెరుగుతాయి. నీకా ఖర్మ వద్దు. నువ్వు కథా చర్చల్లో కూర్చునేవాడివి. డైరెక్టర్ గారు రాత్రి పదకొండింటికి ‘ఇంటర్వెల్ ఇంకోలా ఆలోచిద్దాం’ అన్నారంటే అది పని కాదు, నీ మీద ప్రేమ. ప్రేమకి ఓవర్‌టైం అడుగుతారా ఎవరైనా?

3. గొప్పవాళ్ల రికార్డులు సగమే చదువు

1972 ఒక్క ఏడాదిలో హీరో కృష్ణ గారివి 18 సినిమాలు విడుదలయ్యాయి. ఎస్పీ బాలు గారు 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో ఒక్కరోజే 21 కన్నడ పాటలు పాడారు. కునుకు పట్టినప్పుడల్లా ఇవి తలచుకో. బాలు గారు అలా పాడింది ఒక్కరోజేననీ, పొద్దుపోయేసరికి ఆ పాటలు పూర్తయ్యాయనీ మాత్రం గుర్తుకు రానివ్వకు. నా రికార్డు వేరు. మూడేళ్లుగా ఒక్క సినిమాకే 18 క్లైమాక్సులు రాశాను, ఒక్కటీ ఓకే కాలేదు.

4. ఒంటి మాట వినకు

ఆకలేస్తే చాయ్ తాగు, నిద్రొస్తే చాయ్ తాగు, తాగీ తాగీ కడుపు మండితే ఇంకో చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ల కంటే 55 గంటలు, ఆ పైన చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. కంగారుపడకు. వాళ్లు చెప్పింది వారానికి 55 గంటల సంగతి. మనకి గురువారం రాత్రికే 55 దాటిపోతాయి కాబట్టి ఆ లెక్క మనది కాదు. ఒకవేళ మనదే అయినా ఛాతీ ఆస్పత్రి, మానసిక ఆస్పత్రి రెండూ ఎర్రగడ్డలోనే ఉన్నాయి, ఆటో ఎక్కితే చాలు. బోరబండలో గది ఊరికే తీసుకున్నామా?

5. అమ్మకి తారీఖు చెప్పకు

అమ్మ ఫోన్ చేస్తే ‘షాట్‌లో ఉన్నానమ్మా’ అను, పాన్‌డబ్బా దగ్గర నిలబడి ఉన్నా సరే. ‘ఎప్పుడొస్తావురా?’ అంటే ‘ఈ షెడ్యూల్ అయ్యాక’ అను. షెడ్యూల్ అంటే ఏమిటో అమ్మకి తెలీదు, ఎప్పుడవుతుందో మనకీ తెలీదు. పండక్కి రమ్మంటే తిరుగులేని జవాబుంది: ‘సంక్రాంతికి మన సినిమా వస్తోందమ్మా, అందుకే నేను రావట్లేదు.’

ఇది నేను వాడి చూసిన చిట్కా. ఆ పండక్కి మా అమ్మ ఊళ్లో హాలుకెళ్లి, నా పేరు చూడాలని చివరిదాకా కూర్చుంది. పేర్లు ఇంకా పైకి పోతుండగానే లైట్లు వేసి తలుపులు తీసేశారట. ‘మీవాడి పేరు పడిందా అక్కా?’ అని పక్కింటి పిన్ని అడిగితే ‘వెలుతురులో కనపళ్లేదే’ అందట. ఆ పూట నేను ఎడిటింగ్ రూంలో ఇంకో సినిమా పాటకి కరెక్షన్లు చూస్తున్నాను. పని ముఖ్యం కదా.

6. ‘రేపు మాట్లాడదాం’ అనకు

అన్నిట్లోకీ ప్రమాదకరమైంది ఈ మాట. ఆదివారం ఎంఎంటీఎస్ ఎక్కి ఊరికే లింగంపల్లి దాకా పోయి రావడం, పొద్దుగూకాక ఫోన్ కట్టేయడం, వేళకి అన్నం తినడం ఇవన్నీ దాని తర్వాతే. ఒకరోజు రాత్రి నిద్రమత్తులో నోరు జారి ‘రేపు పొద్దున మాట్లాడదాం సార్’ అనేశాను. ‘సరే’ అని డైరెక్టర్ గారు ఫోన్ పెట్టేశారు. అంతే. సినిమా ఆగలేదు. నేను లేకపోతే ఆగిపోతుందని ఇరవై ఏళ్లు నమ్మినవాణ్ణి. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు.

మొన్న సెట్‌లో ఇంకోటి చూశాను, అది మాత్రం నువ్వు చూడకు. ప్యాకప్ చెప్పారు. అందరం సామాన్లు సర్దుకుని పరుగులు పెడుతుంటే లైట్‌మన్ పెద్ద లైటు ఆర్పేసి, దాని పక్కనే తీరిగ్గా నిలబడ్డాడు.

‘ఎత్తవయ్యా, టైమైంది’ అన్నాను.

‘చల్లారనీ అన్నా. వేడి మీద కదిలిస్తే బల్బు పోతది’ అన్నాడు.

బల్బు ఖరీదైనది. అందుకే ఆగుతారు.