1827కు గుంతకల్లు టీక

మూలం: 1827. లాప్లాస్, వోల్టా, బీథోవెన్, సర్ థామస్ మన్రో మృతి. శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్, జోసెఫ్ లిస్టర్, జోతిరావు ఫూలే జననం. ఓమ్ సూత్రం. తొలి అగ్గిపుల్లల అమ్మకం. నవరినో నౌకాయుద్ధం.

అవతారిక. గ్రూప్ పరీక్షలకూ రైల్వే కొలువులకూ చదివేవాళ్ళు బట్టీ పట్టే జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ప్రతి సంవత్సరానికీ ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది. రఘువంశానికి టీక ఉంది, నైషధానికి ఉంది, ఈ వాక్యానికి మాత్రం లేదు. కారణం చెప్పడం కష్టం కాదు. దీన్ని చదివేవాడికి అర్థంతో పని లేదు, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపడితే చాలు. అయినా శాస్త్రప్రకారం వ్యాఖ్యానించదగ్గ వాక్యమే ఇది. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టాడు. ఆ ప్రతినలో రెండో సగాన్ని ఈ టీకాకారుడు శక్తికొద్దీ పాటిస్తాడు. మొదటి సగం పాటించడం కుదరదు. ఈ మూలంలో లేనిదే గుంతకల్లు పాఠకుడికి ముఖ్యం గనక.

ముందుగా ఇది వాక్యమేనా అని అడగాలి. పదాల గుంపు వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మతం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే సన్నిధి ఉంటుంది, ఒక పదం ఇంకో పదాన్ని కోరదు గనక ఆకాంక్ష ఉండదు, వాక్యమూ కాదు. మన మూలం సరిగ్గా ఈ జాతిదే. వియన్నాలో బీథోవెన్ పోవడం పత్తికొండలో మన్రో పోవడాన్ని కోరదు. ఫ్రాన్సులో లాప్లాస్, ఇటలీలో వోల్టా ఒకే రోజున, మార్చి 5న, కన్నుమూశారు. ఆ ఒకే రోజు అన్నది కూడా సన్నిధే. కాబట్టి 1827 అనే అంకె తప్ప వీటిని కట్టి ఉంచేది ఏదీ లేదు.

ఆ అంకె అయినా గట్టిదా? ఈ పీఠభూమిలో ఆ ఏడు జనవరి నుంచి మార్చి దాకా జరిగినదంతా వ్యయ నామ సంవత్సరం లెక్క. మార్చి నెలాఖరులో ఉగాది వచ్చాకే సర్వజిత్తు. మార్చి 26న పోయిన బీథోవెన్ వ్యయలో పోయినట్టు, జూలైలో పోయిన మన్రో సర్వజిత్తులో పోయినట్టు. మన పంచాంగంలో ఇద్దరూ ఒక ఏటి వాళ్ళే కారు. కరణం లెక్క మళ్ళీ వేరు. అప్పట్లో మద్రాసు ఫసలీ జూలై రెండో వారంలో మారేది, 1855లో గానీ జూలై 1కి రాలేదు. ఆ లెక్కన మన్రో పోయిన జూలై 6 నాటికి ఫసలీ 1236 ఇంకా ముగియలేదు. జీవితమంతా శిస్తు లెక్కల్లో గడిపినవాడు రెవెన్యూ సంవత్సరం ముగిసే రోజుల్లో వెళ్ళిపోయాడన్నమాట. ఈ విశేషాన్ని జీకే పుస్తకం పట్టుకోలేదు. పట్టుకుంటే మాత్రం అదొక ప్రశ్న అయి కూర్చునేది.

జననం అన్న పదానికి వ్యాఖ్య. ఇక్కడే మూలకారుడి అసలు దోషం ఉంది. 1827లో ఫ్లెమింగ్ పుట్టాడంటే స్కాట్లాండులోని కిర్కాల్డీలో జనవరి 7న ఒక పసివాడు ఏడ్చాడని మాత్రమే అర్థం. అది ఆ ఇంటికి వార్త, లోకానికి కాదు. అతడు పెద్దవాడై కెనడాలో రైలు ఇంజనీరయ్యాడు. 1876లో ఐర్లండులో, టైమ్‌టేబుల్లో పొద్దుటి బండిని సాయంత్రం బండిగా అచ్చువేసిన పుణ్యాన ఒక రైలు తప్పిపోయి, లోకానికంతటికీ ఒకే పద్ధతి కాలమానం కావాలని పట్టుబట్టాడు. 1884లో వాషింగ్టన్ సభ గ్రీనిచ్‌ను మూలరేఖగా ఒప్పుకుంది. మన దేశంలో 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశం మీది కాలం అమలైంది. గుంతకల్లు ఆ రేఖకు ఐదు డిగ్రీల పడమర ఉంది. అందుకే స్టేషను గడియారం పన్నెండు చూపించినా ఇక్కడి సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. 1871లో మద్రాసు రైలు మార్గం రాయచూరు దాకా సాగి బొంబాయి మార్గాన్ని కలిశాక, నలువైపుల బళ్ళూ కలిసే జంక్షనుగా పెరిగిన ఈ ఊరికి ఫ్లెమింగ్‌తో సంబంధం నిజంగానే ఉంది. కానీ అది 1884కూ 1906కూ చెందిన సంబంధం. 1827లో ఆ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, అక్కడ కూడా ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

లిస్టరూ అంతే. అతడి పుట్టుక వార్త కావడానికి 1865లో గ్లాస్గోలో కార్బాలిక్ ఆమ్లంతో గాయం కట్టాల్సి వచ్చింది. ఫూలే జననం 1848లో పుణెలో ఆడపిల్లల బడి పెట్టాక, 1873లో గులాంగిరీ రాశాక, రైతు మీద సర్కారు పన్నుల భారాన్నీ అధికారుల దౌర్జన్యాన్నీ 1880లలో షేత్కర్యాచా ఆసూడ్‌లో విప్పి చెప్పాక, వెనక్కి నడిచి 1827లో చేరింది. అంటే జననాల పట్టిక మొత్తం రాబోయే సంవత్సరాల దగ్గర చేసిన అప్పు. 1827 తన సొంత ఆస్తిగా చూపించుకుంటున్నది 1865కూ 1873కూ 1884కూ చెందిన సొమ్ము.

మృతి అన్న పదం దీనికి తలకిందులు. మన్రో చనిపోయినందుకు మూలంలోకి రాలేదు. 1800 అక్టోబరులో నిజాం ఈ దత్త మండలాలను కుంపిణీకి అప్పగిస్తే, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, అనంతపురం కేంద్రంగా ఏడేళ్ళు డేరాల్లో తిరుగుతూ, పాళెగాళ్ళను అణచి, పొలం పొలం కొలిపించి, శిస్తును నేరుగా రైతుతో ముడిపెట్టినందుకు వచ్చాడు. 1807లో వెళ్ళేటప్పుడు శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. కుంపిణీ దాన్ని పక్కన పెట్టి ఊళ్ళకు ఊళ్ళు కౌలుకిచ్చింది. 1820లో ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే రైత్వారీ మళ్ళీ నిలదొక్కుకుంది. 1827 మే చివర స్వదేశం వెళ్ళేముందు తన పాత సీమను చూసిపోదామని బయల్దేరాడు. దారిలో కలరా. జూలై 4న గుత్తి చేరేలోపే పరివారంలో కొందరు పోయారు. 6వ తేదీ పొద్దున పత్తికొండలో మజిలీ చేశారు. ఆ ఉదయమే ఆయనకు రోగం సోకింది, రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది. గుత్తికి మోసుకొచ్చి మర్నాడు పాతిపెట్టారు, 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి చేరాయి. మూలంలోని మృతి అన్న రెండక్షరాల కింద ఉన్నది 1800 నుంచి సాగిన చిట్టా. లాప్లాస్, వోల్టా, బీథోవెన్ల విషయమూ ఇదే. వాళ్ళు సంపాదించినదంతా ముందే సంపాదించారు, 1827 ఆ లెక్క మూసిన తేదీ మాత్రమే.

జననాలు ముందుకు, మరణాలు వెనక్కి పోగా ఇక 1827కు సొంతంగా మిగిలినది ఏమిటి? స్టాక్‌టన్ ఊళ్ళో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి ఏప్రిల్ 7న అగ్గిపుల్లలు అమ్మడం మిగిలింది. ఓమ్ తన సూత్రాన్ని వివరించిన పుస్తకం మిగిలింది. నవరినో అక్టోబరు 20న జరిగింది, దాని సంగతి గ్రీకులు చూసుకుంటారు. మూలం వదిలేసినదైనా తెలుగువాడికి చెప్పాల్సినది ఇంకొకటుంది. సి.పి. బ్రౌన్ తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరిస్తూ ఇంగ్లీషులో రాసిన పుస్తకం మద్రాసులో అచ్చయింది ఆ ఏడే. ఇవి నిజంగా ఆ ఏటివి. వీటితోపాటు, వీటికంటే ఎక్కువగా ఆ ఏటిదైనది గుత్తి మీదుగా పత్తికొండకు సాగిన దారిలో పేర్లు లేకుండా పోయిన పరివారం. వాళ్ళను పట్టికలోకి ఎక్కించే ముందు చిట్టా లేదు, తరవాతి ఖ్యాతీ లేదు. ఆ ప్రయాణం తప్ప వాళ్ళకు మరో సంవత్సరంతో లావాదేవీ లేదు. మూలంలో అధ్యాహారం చేసుకోవాల్సిన పదం ఇదేనని ఈ టీకాకారుడి సిద్ధాంతం.

పూర్వపక్షం ఒకటి: ఇది గుంతకల్లువాడి ఊరభిమానం, పత్తికొండ నలభై కిలోమీటర్ల లోపే ఉంది గనక లోకచరిత్రలోకి దాన్ని లాగుతున్నాడని. సమాధానం. లాగింది మూలకారుడే. మన్రోను ఆయనే పట్టికలో పెట్టాడు, మేం ఆ మరణం ఎక్కడ, దేనివల్ల, ఎవరితో కలిసి జరిగిందో అడిగాం. పైగా ఆ కలరా ఊరి రోగం కాదు. 1817లో బెంగాల్లో రేగి దేశాలు దాటిన మహమ్మారి అది. నీళ్ళే దాని దారి అని జాన్ స్నో లండన్‌లో చూపించింది 1854లో, కోఖ్ కలకత్తాలో క్రిమిని గుర్తించింది 1884లో. ఆ మాటకొస్తే మూలంలోని చాలా సంగతులకన్నా లోకమంతటికీ చెందినది ఇదే.

పూర్వపక్షం రెండు, ఇది కాస్త బలమైనది: కలరా 1826లోనూ ఉంది, 1828లోనూ ఉంది, అది 1827కు సొంతం ఎలా అవుతుంది? రోగం సొంతం కాదు, ఒప్పుకుంటాం. ఆ దారిలో ఆ మనుషుల చావు సొంతం. మన్రో విషయంలో కూడా ఖ్యాతిని పక్కన పెడితే 1827కు దక్కేది ఇంతే. అదే దారి, అదే రోగం, అదే ప్రయాణం. ఇక్కడ గవర్నరుకూ డేరాలు మోసినవాడికీ తేడా చూపించాలంటే వేరే సంవత్సరాల నుంచి సాక్ష్యం తేవాలి. అలా తెచ్చుకుంటే మా సిద్ధాంతమే నెగ్గుతుంది.

మూడోది, పేరు లేనివాళ్ళకు పట్టికలో చోటు ఎలా ఇస్తారని. నవరినోకు ఇచ్చినట్టే. ఆ యుద్ధంలో మునిగిన నావికుల పేర్లు మూలంలో ఒక్కటీ లేవు, అయినా యుద్ధం పేరున వాళ్ళంతా లోపలికి వచ్చారు. ఫిరంగితో పోతే సంఘటన, నీళ్ళతో పోతే వాతావరణం అన్న నియమం మూలకారుడు ఎక్కడా చెప్పలేదు, కానీ తూచా తప్పకుండా పాటించాడు.

నాలుగో ఆక్షేపణ కూడా వినాలి: జనం ఇప్పటికే ఈ లోటు పూరించారు గదా, మళ్ళీ టీక ఎందుకని. నిజమే, సీమ జనం తమ అధ్యాహారం తాము చేసుకున్నారు. పాపాఘ్ని గండిలో కొండకూ కొండకూ మధ్య బంగారు తోరణం మన్రో కంటబడిందని, అది కనబడినవాడు ఎక్కువ కాలం బతకడని చెప్పుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడారన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. వీటికి సాక్ష్యం అడగడం అరసికత. కానీ గమనించండి, బంగారు తోరణం కూడా ఒక్కడికే కనబడింది. పరివారానికి ఏ తోరణం కనబడిందో కథ చెప్పదు. సర్కారువారి పూరణం ఇంకా విచిత్రం. నీటివల్ల వచ్చిన రోగంతో పోయిన గవర్నరు జ్ఞాపకార్థం, ఆయన పోయినచోట తోపు వేయించి, రాతిమెట్ల బావి కట్టించారు. ఆ రోజుల్లో నీటికీ కలరాకూ సంబంధం తెలియదు, కాబట్టి తప్పు పట్టలేం. ఈ కరువు సీమలో దాహానికి బావి కంటే మంచి స్మారకం ఇంకొకటి లేదన్నది కూడా నిజమే.

తాత్పర్యం. ఈ మూలం అచ్చువేసేవాళ్ళకు ఒక మనవి. వచ్చే ముద్రణలో నవరినో తరవాత ఒక వాక్యం చేర్చండి: గుత్తి మీదుగా పత్తికొండ దారిలో కలరా, మన్రోతోపాటు ఆయన పరివారంలో కొందరి మృతి. అర పంక్తి కంటే ఎక్కువ పట్టదు. పరీక్ష రాసేవాళ్ళు మాత్రం ఈ టీకను హాల్లోకి తలకెక్కించుకుని పోకండి. మన్రో మరణించిన ఊరు అడిగితే పత్తికొండ అని గుర్తించండి. గుత్తి అన్నది ఖననం చేసిన ఊరు, అది రెండో ఆప్షనుగా కాచుకుని ఉంటుంది, నెగటివ్ మార్కు పడుతుంది.